సామ్రాజ్యం వదిన మాత్రలు

ఆ రోజు సామ్రాజ్యం వదిన పెట్టె రెండున్నర మాత్రలే వదిలింది. పన్నెండేళ్లలో మూడుకి తక్కువ వేసుకుని ఆవిడ బతికి బట్టకట్టిన రోజు లేదు. పెట్టె కింద గిన్నెలో మళ్ళీ తడుముకుంది. ఎక్కడైనా జారిపడిందేమోనని బల్ల కింద వెతికింది. కూతురు హిమజని పిలిచి చూపించింది. అప్పుడు గానీ మరిదికి ఫోన్ చెయ్యలేదు.

"పున్నా, నీ పెట్టె నాకు అర ముక్క ఎగ్గొట్టిందయ్యా. దానికి రిపేరొచ్చిందా?"

పున్నారావు అప్పటికే ల్యాబులో తెర ముందు కూర్చుని ఉన్నాడు. గుంటూరు ఊరి చివర, నల్లపాడు రోడ్డులో వాళ్ళ ల్యాబు. తెర మీద వదిన గ్రాఫు ఉంది. తెల్లవారుజామున గీత నిలువునా లేచి, ఎండెక్కేకొద్దీ నెమ్మదిగా దిగి, సాయంత్రానికి నేలకి ఆనుకుంది. వరసగా మూడు రోజులు అదే తీరు. పుస్తకంలో వేసే బొమ్మ కూడా అంత అందంగా ఉండదు.

"రిపేరు కాదు వదినా. నీ ఒళ్ళు మేలుకుంది."

"అంతా అమ్మవారి దయ" అంది ఆవిడ. పున్నారావుకి నవ్వొచ్చింది. ఆ ఘనతలో అమ్మవారికి సగం పోయినా మిగతా సగం తనదే కదా అనుకున్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ అతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

సామ్రాజ్యం పేరుకి వదినే గానీ అతనికి అమ్మ కింద లెక్క. అన్న సాంబయ్య ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని తెచ్చేనాటికి పున్నారావుకి ఆరేళ్ళు, తల్లి పోయి అప్పటికి ఏడాది. జడ్డి మనిషి, ముక్కు తుడుచుకోవడం కూడా రాదని ఆవిడ అతను పెద్దయ్యాక కూడా అందరి ముందూ ఆటపట్టించేది. ఆ జడ్డి మనిషి చదువు కోసం ఆవిడ మిర్చి యార్డులో ఇరవై రెండేళ్ళు తొడిమలు తీసింది. ఆ ఘాటు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, చివరికి నాలుగు మెట్లు ఎక్కాలన్నా గోడ పట్టుకోవలసి వచ్చింది. డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాడు. ఊపిరి ఆడింది. ఊపిరితో పాటు షుగరొచ్చింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది, గాజు రాసుకున్నా చాలు చెయ్యి కమిలేది. "ఈ మాత్రలు నన్ను బతికించాయి, కాదనను. కానీ వీటిని వదిలించుకుని ఒక్క ఏడాదైనా బతకాలి పున్నా" అనేది.

మానడమంటే అంత తేలిక కాదు. ఆ సంగతి ఆవిడకి చక్కగా నేర్పింది ల్యాబులో నర్సు దయామణి. చదువుకోని ఆడవాళ్ళకి సైతం అర్థమయ్యేట్టు చెప్పడంలో ఆవిడ దిట్ట.

"చూడు సామ్రాజ్యం, రోజూ బయట్నుంచి క్యారేజీ వస్తుంటే ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేస్తాం కదా. కొన్నాళ్ళకి పొయ్యి పాడైపోద్ది. నీ మూత్రపిండాల మీద రెండు గ్రంథులున్నాయి. ఈ మందు సరుకుని మామూలుగా అవే తయారుచేస్తాయి, తెల్లారకముందే. నువ్వు బయట్నుంచి వేస్తున్నావు గనక అవి పడుకున్నాయి. రేపు నువ్వు టక్కున మాత్ర ఆపావనుకో, క్యారేజీ లేదు, పొయ్యీ లేదు. మనిషి నిలబడదు. అందుకని తగ్గించేది డాక్టరే, అదీ నెలల మీద. జ్వరమొస్తే, వాంతులైతే వెంటనే చెప్పాలి, అప్పుడు మందు ఎక్కువ కావాలి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఈ మాత్ర పేరు చెప్పాలి. నీది ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు, ఇంకొకళ్ళది నువ్వు తీసుకోకూడదు."

వారానికోసారి దయామణి ఫోన్ చేసి ఇవన్నీ అప్పజెప్పించుకునేది. సామ్రాజ్యం ఎక్కాల్లా వల్లించేది. దయామణి వాటిని ఒక పసుపు రంగు కార్డు మీద రాయించి పర్సులో పెట్టించింది కూడా.

ఆ నెలల తరబడి ఎదురుచూపులే పున్నారావుకి నచ్చలేదు. పడుకున్న గ్రంథి లేచిందో లేదో చీకట్లో తడుముకోవడం దేనికి, కళ్ళతో చూడొచ్చు కదా అన్నాడు. ఆరేళ్ళు కష్టపడి ఒక పట్టీ చేశాడు. వాచీలా మణికట్టుకి కట్టుకుంటే చాలు, ఒంట్లో తయారయ్యే సొంత సరుకు ఎంతో చెమటలోంచి పసిగడుతుంది. ఆ సంగతి పెట్టెకి చెబుతుంది. అరలుగా కోసి నింపిన మాత్రల్లోంచి ఆ పూటకి ఎన్ని కావాలో పెట్టె అన్నే వదులుతుంది. గ్రంథి పడుకునుంటే పాత మోతాదే. మూడు రోజులు వరసగా నిండుగా పనిచేసిందా, ఇక రోజుకో అర తగ్గించేస్తుంది. జ్వరమొస్తే పెంచుతుంది. దానికి 'వేకువ' అని పేరు పెట్టారు.

రోజుకో అర అనగానే దయామణి అడ్డుపడింది. "నెలలు పడుతుంది సార్. తొందరేముంది?"

"కళ్ళకి కనపడుతున్నప్పుడు కూడా కాలెండరు చూసుకుంటూ కూర్చోవాలా సిస్టర్?" అన్నాడు పున్నారావు. మంచి జవాబు చెప్పానని అప్పుడు అనుకున్నాడు.

వేకువ వచ్చాక దయామణి వారం వారం చేసే ఫోన్లు అక్కర్లేకపోయాయి. ఆవిణ్ణి వేరే పనికి మార్చారు. పట్టీ చేతికి లేకుండా రెండు గంటలు దాటితే యంత్రమే ఫోన్ చేసి, "దయచేసి మీ పట్టీ ధరించండి" అని తీయని గొంతుతో చెబుతుంది. రోగులకిచ్చే చిన్న పుస్తకంలోంచి దయామణి సూత్రాలు తీసేశారు. తీసేసింది పున్నారావే. పెట్టె చూసుకునే పనికి మనిషిని భయపెట్టడం ఎందుకని అతని ఉద్దేశం. వదిన పర్సులోంచి పసుపు కార్డు కూడా తనే తీసి, "ఇక దీంతో పనిలేదు" అని చింపేశాడు.

కార్తీకం వెళ్ళాక సామ్రాజ్యం భవానీ మాల వేసింది. ఇరవై ఒక్క రోజుల దీక్ష. మాత్రలు మానే రోజు రావాలని ఎప్పటినుంచో మొక్కు. ఎర్ర చీర కట్టి, రెండు పూటలా చన్నీళ్ళు పోసుకుని, ఒంటిపూట తిని, నేల మీద పడుకోవాలి. పున్నారావు వద్దన్నాడు.

"నీ ఒంటికి ఇవన్నీ పడతాయా వదినా?"

"నువ్వే కదయ్యా అన్నావు, నీరసమొచ్చినా జ్వరమొచ్చినా పెట్టె కనిపెట్టి మందు పెంచుద్దని. ఇంక నాకేం భయం?"

తన మాటే తనకి అడ్డం పడింది.

మాల వేసిన నాలుగో రోజున పెట్టె మొదటి అర తగ్గించింది. అక్కణ్ణించి రోజూ ఉదయం ఫోనే. రెండు. ఒకటిన్నర. ఒకటి. వదిన గొంతు రోజురోజుకీ చిన్నపిల్ల గొంతయిపోతోంది. పున్నారావు ఆ గ్రాఫుని డైరెక్టర్ డాక్టర్ వసుధకి చూపించాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"పన్నెండేళ్ళు పడుకున్న గ్రంథి మూడు రోజుల్లో ఇలా లేస్తుందా?"

"లేచింది కదా మేడమ్."

"అయితే వచ్చే నెల సదస్సులో ముందు ఇదే చూపిద్దాం" అంది ఆవిడ. ఆవిడకీ నమ్మాలనే ఉంది మరి.

తొమ్మిదో రోజున గిన్నెలో ఏమీ పడలేదు. ఆ ఉదయం సామ్రాజ్యం చక్కెర పొంగలి వండి వీధి వీధంతా పంచింది. ల్యాబుకి కూడా ఒక డబ్బా పంపింది. అందరూ తిన్నారు. దయామణి కూడా తిని, "ఒకసారి రక్తం తీసి చూస్తే బాగుండేది సార్" అంది. చూద్దాంలే అన్నాడు పున్నారావు.

పన్నెండో రోజు పదిగంటల వేళ హిమజ ఫోన్ చేసింది. పాలిటెక్నిక్ చదువుతోంది ఆ పిల్ల, లేక లేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు. తండ్రి పోయాక ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే.

"బాబాయ్, అమ్మకి రాత్రి నుంచి జ్వరం. రెండుసార్లు వాంతయింది. లేచి కూర్చోలేకపోతోంది."

పున్నారావు ముందు తెర చూశాడు. మనిషిని చూడాలని తోచలేదు, తెర చూశాడు. గీత మామూలు కంటే రెట్టింపు ఎత్తున ఉంది. గుండె వేగం కూడా పెరిగింది. జ్వరమొస్తే ఆరోగ్యంగా ఉన్న గ్రంథి సరిగ్గా అదే చెయ్యాలి. అతనికి ముచ్చటేసింది కూడా.

"భయపడకు. పట్టీ బ్రహ్మాండంగా చూపిస్తోంది. ఒళ్ళు గట్టిగా పోరాడుతోంది. ఉపవాసాల నీరసం అది. కొబ్బరినీళ్ళు పట్టు, జ్వరం బిళ్ళ ఇవ్వు. నేను మీటింగ్ అవ్వగానే వస్తా."

మీటింగు రెండు గంటలు పట్టింది. ఫోను మూగగా పెట్టాడు. బయటికొచ్చి చూసుకుంటే పదకొండు కాల్స్ ఉన్నాయి.

వదిన ఉండే ఏటుకూరులో పక్కింటివాళ్ళు ఆటోలో వేసి దగ్గరున్న నర్సింగ్‌హోముకి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు కుర్రాడే అయినా అడగాల్సిందే అడిగాడు. ఏమైనా మందులు వాడుతున్నారా అని. ఇప్పుడేమీ లేవండీ, మొత్తం మానేసిందండీ అంది హిమజ. నిజమే చెప్పింది. ఎప్పుడు మానేసింది, ఏది మానేసింది అన్నది చెప్పాలని ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. విషజ్వరం అనుకుని సెలైన్ పెట్టారు. రక్తపోటు లేవలేదు.

పున్నారావు పరిగెత్తుకుంటూ వెళ్ళి గుమ్మంలోంచే స్టెరాయిడ్ ఇంజక్షన్ చెయ్యమని అరిచాడు. చేశారు. సామ్రాజ్యం ఒకసారి కళ్ళు తెరిచింది. మరిదిని చూసి, "తిన్నావా?" అని అడిగింది. రెండున్నరకి ప్రాణం పోయింది.

అప్పటిదాకా అతని కళ్ళు ఆవిడ ముఖం మీదే ఉన్నాయి. ఆ తరవాత చేతుల మీద పడ్డాయి. రెండు మణికట్లూ ఖాళీగా ఉన్నాయి. ఆసుపత్రివాళ్ళు తీసుంటారనుకున్నాడు.

దినాలు నడుస్తుండగానే ల్యాబుకి వెళ్ళి పన్నెండు రోజుల లెక్కలూ ముందేసుకున్నాడు. ఎక్కడ తప్పు జరిగిందో తెలిస్తే తప్ప నిద్రపట్టేట్టు లేదు. పట్టీ చెమట ఒక్కటే కాదు, చర్మం వేడి, మనిషి కదలికలు కూడా చూస్తుంది. దీక్షలో ఉన్న మనిషి మార్గశిరం చలిలో రోజుకి రెండుసార్లు చన్నీళ్ళు పోసుకోవాలి. పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా ఆ చల్లదనం లెక్కల్లో లేదు. దాదాపు రోజూ ఏడూ నలభైకి పట్టీ బస్సెక్కింది. మూడంతస్తుల మెట్లు ఒక్క పరుగున ఎక్కింది. సామ్రాజ్యానికి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం.

హిమజ చేతికి ఉందన్నమాట పట్టీ. ఆ రోజు ఉదయం తెర మీద పోరాడిన గ్రంథి వదినది కాదు. తల్లికేమవుతుందోనని కూతురు పడ్డ భయం అది. దాన్ని చూసి అతను ముచ్చటపడ్డాడు.

ఇంకొకళ్ళ పట్టీ పెట్టుకుంటే కనిపెట్టే ఏర్పాటు చెయ్యొచ్చని మొదట్లో అనుకున్నారు. ఎవరి పట్టీ వాళ్ళే కట్టుకుంటారు, ఇందులో దొంగతనానికేముంది అని వదిలేశారు. వదిలేద్దామన్నదీ అతనే.

పెద్దకర్మ అయిన మూడో రోజున డాక్టర్ వసుధ నివేదిక ముసాయిదా తెచ్చి అతని ముందు పెట్టింది. కారణం: వాడకంలో పొరపాటు. పట్టీని రోగికి బదులు కూతురు ధరించింది. పరికరంలో లోపం లేదు.

"ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు పున్నారావ్" అంది ఆవిడ మెల్లగా. "మిగతా నూట పదిమంది రోగుల సంగతి కూడా మనం ఆలోచించాలి. కాకపోతే ఆ అమ్మాయి సంతకం కావాలి."

ఆవిడ వెళ్ళాక పున్నారావు ఆ కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. వెనక్కి తిప్పి తన చేత్తో రాశాడు. పన్నెండేళ్ళ గ్రంథి అంత త్వరగా లేవదని తెలిసీ గ్రాఫుని అనుమానించలేదు. రక్తపరీక్ష చెయ్యమంటే చెయ్యలేదు. రోగి ప్రాణం కాపాడే నాలుగు మాటల్ని పుస్తకంలోంచి తీసేశాను. జ్వరం, వాంతులు అని ఫోన్ చేస్తే కొబ్బరినీళ్ళు పట్టమన్నాను. నూట పది పెట్టెల్నీ ఈరోజే ఆపి, అందరినీ డాక్టరు చెప్పిన పాత మోతాదుకి మార్చాలి, ప్రతి ఒక్కరితో మనిషే మాట్లాడాలి. కింద పేరు రాశాడు. దయామణిని పిలిచి రోగుల జాబితా చేతికిచ్చాడు. ఆవిడ కుర్చీ లాక్కుని మొదటి నంబరు నొక్కింది.

మర్నాడు హిమజ పెట్టె, పట్టీ సంచిలో పెట్టుకుని ల్యాబుకి వచ్చింది. కూర్చోమంటే కూర్చుంది. ఆ పిల్ల ఏదడిగినా బ్యాటరీ పాడైందని చెప్పాలని పున్నారావు ముందే అనుకున్నాడు. అబద్ధమైతే అయింది, ఇరవయ్యేళ్ళు లేని పిల్ల జన్మంతా మోయాల్సిన బరువా అది.

"అమ్మకి బాగవుతోందని మీరంతా చూసింది నన్నే కదా బాబాయ్?" అంది హిమజ.

అనుకున్న అబద్ధం నోటిదాకా రాలేదు. "అవునమ్మా" అన్నాడు.

"మాలలో ఉండి తోలు కట్టుకోకూడదంది అమ్మ. తీసి పక్కన పెడితే రెండు గంటలకోసారి ఫోనొచ్చేది. పూజ మధ్యలో కూడా. నీకు తెలిస్తే దీక్షే వద్దంటావని నన్ను పెట్టుకోమంది. పెట్టుకుంటే ఫోను ఊరుకుంది."

పున్నారావు పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. గోధుమరంగు, అంచున కుట్లు. ముందు తెల్ల ప్లాస్టిక్‌తో చేస్తే ఆసుపత్రి వస్తువులా ఉందని, అందంగా ఉండాలని ఇలా మార్పించాడు.

"ఇది తోలు కాదమ్మా" అన్నాడు. "రబ్బరు. చూడ్డానికి అలా చేయించాను."

హిమజ దాన్ని తీసుకుని గోటితో గీకి చూసింది. దయామణి ఫోన్ చేసుంటే ఎందుకు తీశావు సామ్రాజ్యం అని అడిగేది. వదిన చెప్పేది. అర నిమిషంలో తేలిపోయేది. యంత్రానికి ఎందుకు అనే మాట నేర్పలేదు పున్నారావు.

"నాది పందొమ్మిదేళ్ళ ఒళ్ళు, అమ్మది యాభై ఎనిమిది. నీకు తేడా తెలియలేదా బాబాయ్?"

"తెలిసింది" అన్నాడతను. ఆ మాట బయటికి అనడం అదే మొదలు. "ఇంత బాగా ఉండటానికి వీల్లేదని మొదటిరోజే లోపల ఏదో అంది. దాని నోరు నొక్కేశాను. వదిన మాత్రలు మానేస్తే బాగుండునని ఉంది. నేను చేసింది గెలిస్తే బాగుండునని కూడా ఉంది. ఏది ఎంతో నాకే తెలీదు. నీ తప్పు ఇందులో ఏమీ లేదమ్మా. నీకు తెలీదు, నాకు తెలుసు."

హిమజ తల అడ్డంగా ఊపింది.

"నాకూ తెలుసు బాబాయ్. పట్టీ నా చేతికుంటే పెట్టె అమ్మని ఎలా చూస్తుందని అయిదో రోజే అనుమానమొచ్చింది. నిన్నడుగుదామని నంబరు కూడా నొక్కాను. అప్పుడు అమ్మ వంటింట్లో పాట పాడుకుంటోంది. నాన్న పోయాక అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు. ఫోను పెట్టేశాను."

పున్నారావు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. పట్టీ ఆనిన చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది. సాయంత్రం డాక్టర్ వసుధ నివేదిక అడిగితే నిన్న రాసింది రాసినట్టే ఇచ్చాడు. హిమజ చెప్పిన మాట అందులో చేర్చలేదు. అక్కడ అప్పటికే ఒక పేరుంది, ఇంకొకటి అక్కర్లేదనుకున్నాడు.